మా హాలు గోడ మీద నారింజ సుడులు

పొద్దున్నే తడిగుడ్డతో స్విచ్చిబోర్డు చుట్టూ తెల్లగోడ తుడుస్తున్నాను. మా ఆయన కాఫీ కప్పుతో వచ్చి నా భుజం మీదుగా తొంగిచూసి, "అదిగో, ఇంకాస్త కింద," అన్నాడు. పదకొండేళ్ళుగా ఆ వేలు కిందకీ పక్కకీ చూపిస్తూనే ఉంది. గుడ్డని మాత్రం ఒక్కసారీ ముట్టుకున్న పాపాన పోలేదు.

మా ఇల్లు తెలుపు. తెలుపు కానిది బూడిదరంగు. ఇల్లు సర్దుకున్న కొత్తలో "కళ్ళకి హాయిగా ఉండాలి" అన్నాడు. ఆయన కళ్ళ హాయికి నా మోకాళ్ళు అరిగాయి. తెల్లగోడంత చాడీకోరు ఇంకోటి లేదు. ఎవరు చెయ్యి ఆనించారో, ఎవరు తల వాల్చారో అన్నీ పూసగుచ్చినట్టు అత్తయ్యకి చెప్పేస్తుంది. ఆవిడ రోజుకో గోడకి వేలు రాసి, ఆ వేలు వెలుతురులో పెట్టి చూసుకుని, "ఊఁ" అంటుంది. ఆ "ఊఁ"లో నా చదువూ, నా పెంపకమూ, మా అమ్మా అందరూ కొట్టుకుపోతారు. ఒకసారి ముచ్చటపడి ఆకుపచ్చ కర్టెన్లు కొనుక్కొచ్చాను. "నీకు రంగుల జ్ఞానం లేదు," అన్నాడాయన. మర్నాడే వాపసు ఇచ్చి వచ్చాను. ఆయన అన్నందుకు కాదు, నేను నమ్మినందుకు ఇప్పటికీ నవ్వొస్తుంది. ఒకే మాట పదేపదే వింటే అది చెవిలోంచి లోపలికి దిగి, కొన్నాళ్ళకి మన గొంతుతోనే మనల్ని కసురుతుంది.

తమాషా ఏమిటంటే నేను అన్నం తినేదే రంగుల మీద. కంటి ఆసుపత్రిలో పని. డ్రైవింగ్ లైసెన్సు కోసం వచ్చేవాళ్ళ ముందు చుక్కల బొమ్మల పుస్తకం తెరుస్తాను. రంగురంగుల చుక్కల మధ్య ఒక అంకె దాక్కుని ఉంటుంది. కనిపిస్తే రంగుచూపు సరిగ్గా ఉన్నట్టు. రోజుకి నలభైమందికి రంగులు చూపించి, సాయంత్రం బూడిదలోకి తిరిగొస్తాను.

ఆసుపత్రి వరండాలో రోగులు తిరగేసే పాత పత్రికలో ఒకరోజు ఒక ఇంటి బొమ్మ కనబడింది. యాభై ఏళ్ళ కిందటి డ్రాయింగ్ రూము. గోడంతా నారింజ, చిలకపచ్చ, ఊదా సుడులు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. కళ్ళు తిరిగేలా చేసే ఆ రంగుల శైలిని సైకడెలిక్ అంటారట. చూస్తూ చూస్తూ పైకే నవ్వేశాను. ఆ నవ్వుకి నాకే భయమేసింది. ఎవరో మూసిన గదిలోంచి పిలిచినట్టుంది, ఆ గది నాలోనే ఉన్నట్టుంది.

మా ఆయన నాలుగు రోజులు ఆఫీసు ట్రైనింగ్‌కి వెళ్ళాడు. అలాంటి వాల్‌పేపరే తెప్పించాను. అతికించే మనిషి కాగితం చుట్ట విప్పి చూసి, "మేడం, ఇది సార్ చూశారా?" అన్నాడు.

"చూస్తారు," అన్నాను.

సోఫా వెనక గోడ పూర్తయ్యేసరికి అత్తయ్య గదిలోంచి వచ్చి గుమ్మం పట్టుకుంది. "అమ్మాయ్, గోడ తిరుగుతోందా, నేను తిరుగుతున్నానా?"

"గోడే అత్తయ్యా."

"అయితే ఫర్వాలేదు," అని కూచుంది. అలా రెండు గంటలు కూచుంది. లేచి అలవాటుగా సుడుల మీద వేలు రాసింది, చూసుకుంది, మళ్ళీ రాసింది. "మురికి ఎక్కడుందో తెలిసి చావడం లేదే!" అంది, ఉద్యోగం ఊడినట్టు మొహం పెట్టి.

మా ఆయన వచ్చాడు. పెట్టె కింద పెట్టకుండానే గోడ వంక చూశాడు. ఉరుము కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను.

"ఇంత మట్టిరంగు దేనికి?" అన్నాడు. "మధ్యలో ఆ నీలం ఒకటి. ఆదివారం పెయింటర్ని పిలుస్తాను. మళ్ళీ తెలుపు."

మట్టిరంగా? "నారింజా పచ్చా మీకు మట్టిరంగులా ఉన్నాయా?"

"ఏ పచ్చ?"

అత్తయ్యకి ఉన్నట్టుండి కళ్ళజోడు తుడుచుకోవాల్సిన అవసరం వచ్చింది. బడిపిల్లల కళ్ళ పరీక్షలకి వెళ్ళొచ్చిన రోజు కాబట్టి పుస్తకం నా సంచీలోనే ఉంది. తీసి ఆయన ముందు పెట్టాను. "ఏ అంకె కనిపిస్తోందండీ?"

"చుక్కలున్నాయి. ఇందులో అంకెక్కడిది?"

పేజీ తిప్పాను. ఇంకోటి తిప్పాను. నాలుగో పేజీకి పుస్తకం ఆయనే మూసేశాడు.

"మా నాన్నకీ ఇంతే," అంది అత్తయ్య, కళ్ళజోడుతో చెబుతున్నట్టు. "సంబంధం మాట్లాడేటప్పుడు ఎందుకులే అని చెప్పలేదు. మగపిల్లాడు, రంగులతో వాడికి పనేముంది?"

"మరి ఈ ఇంటికి రంగులు ఎంచింది ఆయనే కదా అత్తయ్యా!"

"అందుకేగా తెలుపేశాడు, పిచ్చిదానా."

పదకొండేళ్ళుగా రోజూ ఆయన చొక్కా, ప్యాంటు, మేజోళ్ళు జతచేసి మంచం మీద పెడుతున్నాను. అది మహారాజు దర్పమనుకుని లోలోపల తిట్టుకున్నాను. దర్పం కాదు, భయం. ఎరుపూ పచ్చా కలిసిపోయే లోకంలో తప్పు దొరక్కుండా నిలబడాలంటే తెలుపొక్కటే దారి. ఆ దారిలోకి నన్నూ లాక్కుపోయాడు. ఆయనకి కనిపించని దానికి నా జ్ఞానం తక్కువైంది. జాలేసింది. ఆ వెనకే ఒళ్ళు మండింది. రెండూ ఒకేసారి ఉండొచ్చని నాకు అప్పుడే తెలిసింది. మధ్యలో ఆ చాడీకోరు గోడ గుర్తొచ్చి నవ్వు కూడా తన్నుకొచ్చింది.

"నవ్వుకో," అన్నాడు నేల చూస్తూ. "మీ ఆసుపత్రిలో అందరికీ చెప్పుకుని నవ్వుకో."

"ఇది జబ్బు కాదండీ," అన్నాను, రోజూ నలభైమందితో మాట్లాడే గొంతుతో. "మీ తప్పూ కాదు. పుట్టుకతో వస్తుంది. కర్టెన్లు వాపసు ఇప్పించారే, అది మాత్రం మీ తప్పే."

ఆయన పుస్తకాన్ని నా వైపు తోసేశాడు. తర్వాత గొంతు సవరించుకుని, యజమాని స్వరం వెతికి తొడుక్కున్నాడు. "ఏదైతేనేం, ఆదివారం పెయింటర్ వస్తాడు."

"రానివ్వండి. ఈ గోడ ఇలాగే ఉంటుంది. అతనికి మన పడగ్గది చూపిద్దాం."

"పడగ్గదా? దానికేం రంగు? నన్నొక్క మాట అడగవా?"

అత్తయ్య తుడవడం ఆపి, కళ్ళజోడు పెట్టుకుని, నా మొహంలోకి చూసింది.

"ఇకమీదట రంగుల సంగతి మిమ్మల్ని అడగనండీ," అన్నాను. "చెప్తాను."