గ్యాస్ ప్లాంటుకు ఆకలేసింది

హనుమాన్ జంక్షన్ దాటాక, కాలవ గట్టు పక్కన, రెండు పంటల వరీ ఆపైన మినుములూ పండే పొలాలను పూడ్చి కట్టిన వెంకటప్పయ్య విశ్వవిద్యాలయం ఒక శుభముహూర్తాన పర్యావరణాన్ని కాపాడాలని నిర్ణయించుకుంది. ఉన్నట్టుండి అంత ప్రేమ ఎందుకు పుట్టిందంటే, పోటీ విశ్వవిద్యాలయానికి హరిత ర్యాంకు వచ్చింది. ఆ సంగతి చాటే హోర్డింగును విజయవాడలో సరిగ్గా ఛాన్సలర్ వీరభద్రరావుగారి కారు వెళ్ళే దారిలో పెట్టారు. ఆయన రోజూ దాన్ని చూస్తూ వెళ్ళాలి, చూస్తూ రావాలి. ఏ మనిషి మాత్రం ఎన్నాళ్ళు ఓర్చుకుంటాడు?

ప్రేమ ఆయనదే అయినా భారం జ్ఞానేశ్వరి మీద పడింది. ఆవిడ పర్యావరణ శాస్త్రం చెబుతుంది. చల్లపల్లి దగ్గర రైతు కుటుంబంలో పుట్టి, పీహెచ్‌డీ చేసి, కాంట్రాక్టు లెక్చరరుగానే తలలో తెల్లవెంట్రుకలు చూసుకుంది. ప్రతి వేసవికీ కాంట్రాక్టు ముగుస్తుంది. ప్రతి జూన్‌లో యాజమాన్యం మళ్ళీ దయ తలుస్తుంది. ఈ మధ్యలో ఎవరికీ నమస్కారం పెట్టడం మరిచిపోకూడదు.

"ఆ ర్యాంకు తెచ్చిపెట్టమ్మా. మర్నాడే నిన్ను పర్మనెంటు చేస్తాను. మా నాన్నగారి మీద ఒట్టు," అన్నారు ఛాన్సలర్ గారు. వెనక గోడ మీద రైస్‌మిల్లు వెంకటప్పయ్యగారు ప్లాస్టిక్ పూలదండలోంచి చూస్తున్నారు.

ర్యాంకు ఇచ్చే కమిటీ నిబంధనల్లో మిగతా వాటితో పాటు రెండు అంశాలున్నాయి. హాస్టల్ మెస్సులో అన్నం వృథా తగ్గిస్తే కొన్ని మార్కులు. వృథా అయిన అన్నంతో గ్యాస్ తయారుచేస్తే మరికొన్ని మార్కులు. "రెంటికీ మార్కులున్నాయిగా, రెండూ చేసెయ్యండి," అన్నారు ఛాన్సలర్ గారు. ఆ రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయని ఆ గదిలో ఉన్న డాక్టరేట్లలో ఒక్కరికీ తట్టలేదు. జ్ఞానేశ్వరికి కూడా తట్టలేదు, ఆ మాట దాచిపెట్టడం ఎందుకు?

పుణె నుంచి ప్లాంటు వచ్చింది. ఆకుపచ్చ రంగు వేసిన పెద్ద ట్యాంకు. ఒక పక్క నుంచి ఎంగిలి అన్నం వేస్తే, రెండో పక్క గొట్టంలోంచి గ్యాస్ వచ్చి పొయ్యి వెలుగుతుంది. కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమలు పెట్టి, అందరూ దాని పక్కన నిలబడి ఫొటోలు దిగారు. పారేసే అన్నం డ్రమ్ములకొద్దీ ఉండేది కాబట్టి, ఆ మొదటి రోజుల్లో దానికి రాజభోగం జరిగింది.

ఆ తర్వాత జ్ఞానేశ్వరి తన పని మొదలుపెట్టింది. పోస్టర్లు అంటించలేదు, ఉపన్యాసాలు ఇవ్వలేదు. రెండో సంవత్సరం చదివే డయానాను పిలిచి కంచాలు కడిగే చోట నిలబడమంది. డయానా వాళ్ళమ్మా నాన్నా ఊడ్పులకూ కోతలకూ వెళ్ళేవాళ్ళు. అన్నం పారబోస్తుంటే ఆ పిల్ల చూడలేకపోయేది. అలాగని ఎవరినీ తిట్టదు. "అన్నా, ఇంకో నాలుగు ముద్దలే కదా," అంటుంది, అంతే. మీసాలొచ్చిన మగపిల్లలు సైతం వెనక్కి వెళ్ళి కూర్చుని ఆ నాలుగు ముద్దలూ తినేసి వచ్చేవాళ్ళు. కొన్నాళ్ళకు డ్రమ్ములు బకెట్లయ్యాయి, బకెట్లు గిన్నెలయ్యాయి. తను చెప్పిన పాఠం పరీక్ష పేపరు దాటి బయటికి రావడం జ్ఞానేశ్వరి అదే మొదటిసారి చూసింది. ఆవిడకు ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది.

ఆ సంతోషం మీద మెస్ మేనేజరు అబ్రహాము వచ్చి నీళ్ళు చల్లాడు.

"మేడమ్ గారూ, ప్లాంటుకి మేత లేదండీ. పొద్దున పొయ్యి ముట్టిస్తే గుప్పుమని ఆరిపోయిందండీ. ఇలాగైతే కమిటీ వాళ్ళకి ఏం చూపిస్తామండీ?"

జ్ఞానేశ్వరి ఛాన్సలర్ గారి దగ్గరకు వెళ్ళి ఉన్నమాట చెప్పింది. వృథా లేదు కాబట్టి ప్లాంటు అవసరం లేకపోయింది, అదే మన విజయమని కమిటీకి చెబుదామంది.

"అంత పోసి కొన్న ప్లాంటు పడుకుందని మన నోటితో మనమే చెప్పుకుందామా? నువ్వు నేర్పింది మంచిదేనమ్మా, కాదన్ను. కమిటీ వచ్చి వెళ్ళాక నేర్పాల్సింది."

పోనీ పేడ వేద్దామంది. క్యాంపస్‌లోకి పేడబండి వస్తే ఫీజులు కట్టే తల్లిదండ్రులు ఏమనుకుంటారని ఆయన ఒప్పుకోలేదు. మింగమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మధ్యలో జ్ఞానేశ్వరికి జూన్ నెల కనిపిస్తోంది.

ముందు వంట చెడగొట్టి చూశారు. పిల్లలు తినలేక వదిలేస్తారని ఆశ. ఆ ఆలోచన ఛాన్సలర్ గారిది, ఉప్పు చెయ్యి అబ్రహాముది, నోరు మూసుకోవడం జ్ఞానేశ్వరిది. సాంబారులో సముద్రం పొంగింది. పిల్లలు మొహాలు చిట్లించారు, డయానా వైపు చూశారు, గ్లాసులకు గ్లాసులు మజ్జిగ పోసుకుని మొత్తం తినేశారు. ఒకడైతే ఇవాళ కాస్త రుచి తెలిసిందంటూ మారు వడ్డించుకున్నాడు. మెస్సు వంట రోజూ ఎలా ఉండేదో అప్పుడు గానీ ఎవరికీ అర్థం కాలేదు.

అప్పుడు వీరభద్రరావుగారి బుర్రలో వెలిగింది. ఊరికే ఛాన్సలర్లు అవుతారా?

"మన వైపు పెళ్ళిళ్ళలో ఆకు ఖాళీ చేసి లేచినవాణ్ణి ఎప్పుడైనా చూశావటమ్మా?"

చూడలేదు. కృష్ణా జిల్లాలో అతిథి ఆకు ఖాళీ అయిందంటే వడ్డించినవాడి పరువు పోయినట్టే. అందుకని గవర్నర్‌పేట నుంచి పెళ్ళిళ్ళకు వండే క్యాటరింగ్ వాళ్ళను పిలిపించారు. వడ్డనలో చేయి తిరిగిన మనుషులను ఏరి పంపమన్నారు. గ్రౌండులో షామియానా వేసి, అరిటాకులు పరిచి, పైన బ్యానరు కట్టారు: ఆహార వృథా నివారణ మహా విందు.

ఆ వడ్డన ముందు పిల్లల పట్టుదల నిలబడుతుందా? వద్దంటే మొహమాటం అనుకుంటారు. చాలంటే ఇంకొకటి అనుకుంటారు. చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి జారవిడుస్తారు. "ఒక్క బూరె బాబూ, మా తృప్తి కోసం," అని రెండేసి, అవి చూసి జాలిపడి నెయ్యి కుమ్మరిస్తారు. పులిహోర మీద పరమాన్నం, పరమాన్నం మీద పప్పు. పిల్లలు ఊపిరాడక లేచిపోయారు. వాళ్ళ వెనక ఆకులు నిండుగా మిగిలాయి.

డయానా వరసల మధ్య అటూ ఇటూ తిరిగి, చివరికి జ్ఞానేశ్వరి దగ్గరకు వచ్చింది. "మేడమ్, వద్దన్నా వేస్తున్నారండీ. మీరొకసారి ఆపమనండి."

"వాళ్ళ పద్ధతి అంతేలేమ్మా," అంది జ్ఞానేశ్వరి.

మెతుకు కింద పడితే తీసి కళ్ళకద్దుకునే ఇంట్లో పుట్టిన మనిషి. ఆ మాట అన్నందుకు ఆవిడకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆపమని మాత్రం అనలేదు.

అబ్రహాము మనుషులు ఆకులన్నీ దులిపి ప్లాంటు నోట్లో కూరారు. ఉపవాసాలున్న పొట్టలో ఒక్కసారిగా పెళ్ళి భోజనం పడితే ఏమవుతుందో అదే అయింది. కమిటీ వచ్చే రోజు పొద్దుటికి ట్యాంకు నురగలు కక్కుతోంది. పులిసిన కంపు ఛాన్సలర్ గారి ఏసీ గదిలోకి సైతం వెళ్ళింది. పొయ్యి మాత్రం వెలగలేదు.

"అజీర్తి చేసిందండీ," అన్నాడు అబ్రహాము. "దానికి నేతిబూరెలు పడలేదు."

కంగారు పడేవాళ్ళు పడ్డారు గానీ ఛాన్సలర్ గారు పడలేదు. మెస్సు నుంచి గ్యాస్ బండ ఒకటి తెప్పించి గోడ వెనక పెట్టించారు. ప్లాంటు గొట్టం ఊడదీసి, పొయ్యికి దీని గొట్టం తగిలించారు. పెళ్ళికూతురికి అరువు నగలు పెట్టినట్టు పని చక్కగా కుదిరింది.

కమిటీ పెద్దలు శాలువాలు కప్పించుకుని, జ్ఞాపికలు పుచ్చుకుని, ప్లాంటు దగ్గరకు వచ్చి జేబురుమాళ్ళు తీశారు.

"ఏమిటండీ ఈ వాసన?"

"సేంద్రియం అండీ," అన్నారు ఛాన్సలర్ గారు.

పొయ్యి జ్ఞానేశ్వరే వెలిగించాలి. వెలిగించింది. నీలంగా, నిటారుగా, కంపెనీ మంట లేచింది. కమిటీ ఛైర్మన్ ముచ్చటపడి, "ఇదంతా మిగిలిన అన్నంతోనేనా అమ్మా?" అని అడిగాడు. అందరూ ఆవిడ వైపు తిరిగారు. కాదని ఒక్క మాట అంటే ర్యాంకు పోతుంది, ర్యాంకుతో పాటు ఉద్యోగమూ పోతుంది. ఇన్నేళ్ళ నమస్కారాలన్నీ నీళ్ళపాలవుతాయి.

"అవునండీ," అంది.

ఆ మంట మీద టీ కాచి ఇచ్చారు. టీ తాగుతూ ఛైర్మన్, పిల్లలు బాగా పారేస్తారా అని అడిగాడు. చాలా తగ్గించేశారని జ్ఞానేశ్వరి చెప్పింది. ఆ రోజు ఆవిడ నోటి నుంచి వచ్చిన నిజం అదొక్కటే. దానికి ఆయన నొసలు చిట్లించాడు. "మరి ఇంత ప్లాంటుకు అది చాలదే!"

ర్యాంకు వచ్చింది. పోటీవాళ్ళ హోర్డింగు పక్కనే దానికన్నా పెద్దది లేచింది. వీరభద్రరావుగారు మాట మీద నిలబడే మనిషి, ఆ మాట ఒప్పుకోవాలి. జ్ఞానేశ్వరిని పిలిచి, మిఠాయి పెట్టి, పర్మనెంటు చేసినట్టు చెప్పారు.

"కమిటీవాళ్ళు ఒకే ఒక్క వంక పెట్టారమ్మా. ప్లాంటుకు తిండి చాలట్లేదన్నారు. అది చూసుకోవడానికి శాశ్వతంగా ఒక మనిషి ఉండాలన్నారు. నిన్ను కాక ఎవర్ని పెడతాను? రేపట్నుంచి మెస్సులో పెళ్ళి వడ్డనే. నువ్వు దగ్గరుండి చూసుకో."

మర్నాడు మధ్యాహ్నం మెస్సులో గవర్నర్‌పేట మనుషులు గరిటెలు పట్టుకుని వరసల్లో దిగారు. డయానా కంచంలో అన్నం గుట్టగా పడింది. ఆ పిల్ల లేచి, కంచం పట్టుకుని జ్ఞానేశ్వరి దగ్గరకు వచ్చింది.

"ఇదంతా నేను తినలేనండీ. ఏం చెయ్యమంటారు?"

అడగడంలో వెటకారం లేదు. మేడమ్ ఏది చెబితే అదే ఒప్పని ఇప్పటికీ నమ్ముతున్న పిల్ల అడిగే తీరులోనే అడిగింది. వెటకారమే ఉండి ఉంటే జ్ఞానేశ్వరి తట్టుకునేది.

"తినగలిగినంత తినమ్మా," అంది పర్మనెంటు అసిస్టెంట్ ప్రొఫెసరు. "మిగతాది వదిలెయ్."