ఆఖరి నీళ్ళు

బీదర్ దగ్గరి మన్నళ్ళి చర్చి సంఘంలో మగవాళ్ళెవరు కన్నుమూసినా మొదటి పిలుపు పాస్టరుకు కాదు, సిలాసుకు. పాస్టరు వచ్చేలోగా సిలాసు శవానికి నీళ్ళు పోసి, తల దువ్వి, పోయినవాణ్ణి పెళ్ళికొడుకులా తయారు చేసేవాడు. వృత్తికి తాపీమేస్త్రీ. గోడ కడితే కూలి తీసుకునేవాడు గానీ ఈ పనికి ఆ ఇంట్లో చాయ్ కూడా ముట్టేవాడు కాదు. పట్టింపులు మాత్రం జాస్తి. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి. సచ్చినోనికి చలేందని ఎవరైనా నవ్వితే కసిరేవాడు. చేతికి తొడుగులిస్తే వేసుకునేవాడు, కాదనడు. చివర్న కళ్ళు మూసేటప్పుడు మాత్రం వాటిని తీసేసి ఉత్త చేత్తోనే మూసేవాడు. మనిషిని మనిషి చెయ్యే సాగనంపాలన్నది ఆయన లెక్క. మంచి లెక్కే. మంచిదల్లా అన్ని చోట్లా మంచి చెయ్యదు, అదే వచ్చిన చిక్కు.

ఆయనకు స్టాన్లీ ఒక్కడే కొడుకు. కాంగోలో ఒక గని కంపెనీలో జనరేటర్లు చూసుకునేవాడు. బీదర్ ఐటీఐలో వాడితో చదివిన మోసెస్‌దీ అక్కడే పని, ఇద్దరిదీ ఒకే గది. మోసెస్ తల్లి రుక్మాబాయి ఖటక్ చించోళిలో ఉంటుంది. మొగుడు పోయాక కూలి చేసి ఆ పిల్లవాణ్ణి పెంచింది.

ఆ దేశంలో ఎబోలా లేచిందని సిలాసు టీవీలో చూశాడు. వెంటనే ఫోన్ చేశాడు.

"గాలికి రాదు నాయినా, పరేషాన్ కాకు" అన్నాడు స్టాన్లీ. "జ్వరమొచ్చినోని నెత్తురో, వాంతో, చెమటో మన చేతికంటి, ఆ చెయ్యి నోటికో కంటికో పోతే అంటుకుంటది. జ్వరం రాకముందు వాని నుంచి ఏం కాదు. సచ్చినంక మాత్రం ఇంకా జాస్తి. పీనుగును ముట్టద్దని మాకు గట్టిగ చెప్పిండ్రు."

"మరి నీళ్ళెవరు పోస్తరు?"

"ఎవ్వరు పొయ్యరు. మందు కొట్టి, సంచిల పెట్టి తీస్కపోతరు."

"పశువు లెక్కనా?"

స్టాన్లీ నవ్వేశాడు. రోగం తామున్న చోటికి చాలా దూరంలో ఉందన్నాడు. సిలాసుకు మాత్రం ఆ సంచి సంగతి ముల్లులా గుచ్చుకుంది.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున స్టాన్లీ ఏడుస్తూ ఫోన్ చేశాడు. మోసెస్‌కు జ్వరమొస్తే మలేరియా అనుకుని గోలీలు వేశారట. తెల్లవారుజామున వాంతులు పట్టుకుని, దవాఖాన బండి వచ్చేలోపే మంచం మీదే ప్రాణం పోయింది. పరీక్ష చేసేదాకా ఎవరూ ముట్టద్దని చెప్పారట. ఆ ఫోన్ పెట్టీ పెట్టకముందే, కబురందిన రుక్మాబాయి దగ్గర్నుంచి ఇంకొకటి.

"అన్నా, నా కొడుకు మొకం నాకెట్లనూ దొరకదు. జర స్టాన్లీకి చెప్పు. నీళ్ళు పొయ్యకుండ పంపద్దని చెప్పు నీ కాళ్ళు మొక్కుత."

సిలాసు కాదనలేకపోయాడు. కాదనాలని తోచనూ లేదు. కొడుక్కి ఫోన్ కలిపాడు.

"మలేరియానే గద అంటివి. సంచిల ఎయ్యకముందే రొండు చెంబులు పొయ్యి బిడ్డా. చేతులకేమన్న కట్టుకో. కండ్లు మాత్రం ఉత్త చేతితోని మూయి."

"అద్దంటున్నరు నాయినా."

"వాని తల్లికి నేనేం చెప్పాలె?"

"సరే నాయినా" అన్నాడు స్టాన్లీ.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. సిలాసు మాట సముద్రాలు దాటింది.

పరీక్షలో మోసెస్‌ది ఎబోలా అని తేలింది. స్టాన్లీ తనంతట తానే పోయి తాను చేసింది చెప్పుకున్నాడు. వాణ్ణి వేరుగా ఉంచారు. వారం దాటాక జ్వరం వచ్చింది. అక్కడి దవాఖానలో హెలెన్ అనే మలయాళీ నర్సు తన ఫోన్ అద్దాల అవతల పట్టుకుంటే తండ్రితో మాట్లాడాడు.

"నువ్వు చెప్పినట్టే చేసిన నాయినా. చేతులకు ప్లాస్టిక్ సంచులు కట్టుకుని నీళ్ళు పోసిన. కండ్లు ఉత్త చేతితోనే మూసిన. అప్పుడు ఏడుపొచ్చింది. అదే చేతితోని నా కండ్లు తుడ్సుకున్న. నాదే తప్పు, అన్ని తెల్సి చేసిన."

నీది కాదు బిడ్డా, నాది అనాలని సిలాసు నోరు తెరిచాడు. ఫోన్ పక్కకు చాపాడు. ఆయన భార్య హేబ్సిబా ఫోన్ అందుకుని కొడుక్కి ధైర్యం చెప్పింది. మొగుణ్ణి మాత్రం ఆ పొద్దే కాదు, తర్వాత కూడా ఒక్క మాట అనలేదు. అంటేనే బాగుండేది, తిట్టినా ఆయన ప్రాణం తెరిపిన పడేది.

స్టాన్లీ బతకలేదు.

శవాన్ని పంపడం కుదరదని హెలెన్ హిందీలో నెమ్మదిగా చెప్పింది. నీళ్ళు పోయడం, ముట్టుకోవడం కుదరవంది. ప్రార్థన చెయ్యొచ్చు, సంచి మీద వాడి చొక్కా పెట్టొచ్చు, మట్టి పోసేదాకా ఫోన్‌లో చూడొచ్చు అంది. చొక్కా పెట్టమన్నాడు సిలాసు.

ఫోన్‌లో ఎర్రటి నేల కనబడింది. తల నుంచి కాలిదాకా తెల్లటి బట్టలు తొడుక్కున్నవాళ్ళు నలుగురు సంచిని మోసుకొచ్చి గుంత పక్కన దించారు. పాస్టరు ఇక్కణ్ణుంచే ప్రార్థన చేశాడు. తాడు కట్టి, అవతల కొందరిని దూరంగా నిలబెట్టారు. వాళ్ళలోంచి ఒక నల్లటి కుర్రాడు ఏడుస్తూ తాడు కింది నుంచి దూరి ఇవతలికి వచ్చాడు. ఏదో చెబుతూ, ఉత్త చెయ్యి చాపుకుంటూ సంచి వైపు నడిచాడు.

"స్టాన్లీతో పనిచేసేవాడు, జోసెఫ్" అంది హెలెన్ కంగారుగా. "మీ దగ్గర పోయినవాళ్ళను చేత్తో తాకి పంపుతారట కదా, స్టాన్లీ చెప్పాడట. నాన్న దూరంగా ఉన్నాడు, ఆయన బదులు నేను తాకుతానంటున్నాడు."

సిలాసు లేచి నిలబడ్డాడు. ఇల్లంతా అదిరేలా అరిచాడు.

"ముట్టకు! ముట్టకురా బిడ్డా, నీ కాళ్ళు మొక్కుత! నీకూ నాయిన ఉంటడు గద, ఎనక్కి పో!"

భాష తెలియకపోయినా ఫోన్‌లోంచి వచ్చిన ఆ కేకకు జోసెఫ్ ఆగాడు. తెల్లబట్టలవాళ్ళలో ఒకడు అడ్డంగా నిలబడి వాణ్ణి తాడు అవతలికి పంపాడు. సంచి గుంతలోకి దిగింది.

ఊళ్ళో అందరి కొడుకుల కళ్ళూ తన చేత్తో మూసిన సిలాసు, తన కొడుకు మీద ఎవరి చెయ్యీ పడకుండా, మట్టి నిండేదాకా ఆ ఫోన్ ముందు నిలబడి కాపలా కాశాడు.