సవారీ కుచ్చు

పొద్దున్న ఐదున్నరకి కుళాయి వస్తుంది. ఆ నీళ్లు ముందు ముత్యానికి, తర్వాతే మనుషులకి. విజయనగరంలో కోట వెనక వీధిలో ఉన్న ఎల్లాజీ ఇంట్లో ఇది తాతల నాటి పద్ధతి. ముత్యం వాళ్ల తెల్ల గుర్రం. పెళ్లిళ్లకి పోతుంది, పెళ్లికొడుకుల్ని మోస్తుంది.

కుంకుడు రసంతో దాని ఒళ్లు రుద్దడం ఎల్లాజీ పని. తోక మాత్రం అతని పెళ్లాం గౌరిది. తెల్ల గుర్రంతో వచ్చిన చిక్కంతా తోకతోనే. లద్దెలోనూ ఉచ్చలోనూ పడుకుని లేస్తుంది గనక పచ్చగా గార పట్టిపోతుంది. గౌరి ఆ తోకని బకెట్లో ముంచి, సబ్బు పెట్టి, ఆఖరి నీళ్లలో కాస్త నీలిమందు కలిపి జాడించేది, పంచెలకి పెట్టినట్టే. ఆరాక ఆముదం రాసి, కొస దగ్గర మొదలుపెట్టి పైకి చిక్కు తీసుకుంటూ పోయేది. ఆ కాసేపూ ముత్యం కళ్లు మూసుకుని నిలబడేది.

మొగుడూ పెళ్లాల మధ్య తగువంతా జుట్టు గురించే. గౌరికి జూలు మెడ దాటి వేలాడాలి, తోక గిట్టల దాకా ఉండాలి. ఎల్లాజీకి అదంతా పాతకాలపు జట్కాగుర్రం వేషంలా కనబడేది. ఫోనులో పరాయి దేశాల గుర్రాల్ని చూసి చూసి అతనికో మోజు పుట్టింది. జూలు నాలుగు వేళ్ల ఎత్తున బ్రష్షులా నిక్కి ఉండాలి, తోక అడుగున గీత గీసినట్టు సమంగా ఉండాలి. దానికోసం విశాఖపట్నం వెళ్లి పెద్ద కత్తెర కొనుక్కొచ్చాడు. ఫొటోగ్రాఫర్లు కూడా బాగుందన్నారు. ఫొటోగ్రాఫర్లు బాగుందన్నాక పెళ్లాం మాట ఎవరిక్కావాలి?

"తోక కోసేస్తే ఈగలెలాగ తోలుకుంటాది బావా?" అంది గౌరి.

"నువ్వున్నావు గదేటి, ఇసరు," అన్నాడు ఎల్లాజీ.

అది వేళాకోళమే. కానీ గౌరి నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో తెలియాలంటే ఆ ఇంటి గుర్రాల సంగతి తెలియాలి.

ఆ ఇంట్లో గుర్రానికి జడ అల్లుతూ ఏ మాట చెబితే ఆ మాట జడలో ఉండిపోతుంది. విప్పినప్పుడు అదే గొంతుతో ఒక్కసారి బయటికొస్తుంది. కత్తిరిస్తే మాత్రం ఇక రాదు, మాట చచ్చిపోతుంది. వీధిలో అందరికీ తెలిసిందే. కుళాయి ఐదున్నరకి వస్తుందని తెలిసినట్టు తెలుసు, అంతే.

ఎల్లాజీ తల్లి జగ్గమ్మ బతికున్నన్నాళ్లూ మొగుడికి చెప్పాల్సినవన్నీ జూలులోనే చెప్పింది. నలుగురాడబిడ్డల కొంప, ఎదురుపడి మాట్లాడే వీలు ఎక్కడిది? సాయంత్రం జట్కా విప్పాక ఆవిడ అల్లేది. పొద్దున్న ఆయన, పోతురాజు, పళ్లు తోముకోకముందే తొట్టి గట్టు మీద కూర్చుని ఒక్కొక్క జడా విప్పేవాడు. బియ్యం అయిపోయాయని, పిల్లోడికి జ్వరమని, నీ మీద కోపం ఇంకా పోలేదని, జడల్లోంచి ఆవిడ మాటలు వచ్చేవి. పోతురాజు పలికేవాడు కాదు. బియ్యం తెచ్చేవాడు, పిల్లోణ్ణి భుజాన వేసుకుని ఆసుపత్రికి పోయేవాడు. ఒకరోజు జడలోంచి నవ్వొక్కటే వచ్చిందని, ఆ రోజు జట్కా కట్టలేదని చెప్పుకునేవారు.

గౌరి ఆ జగ్గమ్మ అన్న కూతురే. నౌపడలో పుట్టినా, సెలవులకి వచ్చినప్పుడల్లా మేనత్త పక్కన కూర్చుని అల్లడం నేర్చుకుంది. మావ విప్పడం కళ్లారా చూసింది. చూసి, సంసారమంటే ఇదేననుకుంది పిచ్చిపిల్ల. అల్లేవాళ్లుంటే విప్పేవాళ్లూ ఉంటారని నమ్మే కాపరానికి వచ్చింది.

మొదట్లో ఎల్లాజీ విప్పాడు. రెండేళ్లు విప్పి ఉంటాడు. అందులో వచ్చేవి అతనికి రుచించలేదు. ఆముదం అయిపోయింది. మీ అక్క నన్నిలా అంది. నిన్న తాగొచ్చావు. పొద్దున్నే ఈ పంచాయితీ ఎవడు వింటాడని విసుగు పుట్టింది. కత్తెర వచ్చాక ఆ విసుగు కూడా లేకుండాపోయింది. అల్లినవి అల్లినట్టే కరకరా కోసి, ఊడ్చి, చెత్తబండిలో వేసేవాడు. అన్నం తినే మనిషి చేసే పనేనా అది? అయినా చేశాడు, ఏళ్ల తరబడి చేశాడు.

జూలు కురచ చేసినా మెడ మొదట్లో, జీనుకి ముందు, జానెడు జుట్టు వదలాలి. పెళ్లికొడుకులకి స్వారీ రాదు గనక భయమేస్తే పట్టుకోవడానికి అదే ఆధారం. సవారీ కుచ్చు అంటాడు ఎల్లాజీ. దాని మీదికి కత్తెర పోదు. గౌరి అది గమనించింది. అప్పట్నుంచి చెప్పాల్సిందంతా అందులోనే చెప్పింది. కిందటి శ్రావణ మాసం నాటికి ఆ కుచ్చులో మూడు సన్నజడలున్నాయి. మూడోది అల్లిన రోజున ఆమె చాలాసేపు ముత్యం మెడకి ఆనుకుని నిలబడిపోయింది.

"బావా, ఆ మూడూ ఓపాలి ఇప్పు," అంది ఆ సాయంత్రం. పెళ్లయ్యాక విప్పమని నోరు తెరిచి అడగడం అదే మొదలు.

"ఏటి, మళ్లీ ఆముదమా?"

"ఇప్పితే తెలుస్తాది."

"సీజన్ అయిపోనీ, సూద్దాం."

గౌరి మరి అడగలేదు. ఆమెకి ఓ పంతముంది, మేనత్త దగ్గర నేర్చుకున్నదే. ఒకసారి అల్లిన మాట విప్పాల్సిన వాడు విప్పాలి గానీ, వెంటబడి వినిపించకూడదు. అదీగాక మొగుడికైనా సరే వెలుగులో చెప్పడానికి సిగ్గుపడే చోటు అది. ఎల్లాజీ రోజూ ఆ కుచ్చు మీద ప్లాస్టిక్ పూలు కట్టాడు, రోజూ విప్పాడు. కింద ఉన్న జడల్ని మాత్రం ముట్టుకోలేదు. శ్రావణం పోయింది, దసరా పోయింది, కార్తీకం పోయింది. గౌరి చిక్కిపోయింది. "ఒంట్లో బాగోలేదు బావా" అంటే "గ్యాసు, సోడా తాగు" అన్నాడు.

మాఘంలో పాతపట్నం నుంచి పెళ్లి వచ్చింది. పెళ్లికొడుకు మురళీమోహన్, బ్యాంకులో చేస్తాడు. పగటి ముహూర్తం, తొమ్మిదింటికి ఊరేగింపు. ముత్యాన్ని ముందు రోజే వ్యానులో ఎక్కించి తీసుకెళ్లాడు ఎల్లాజీ. జూలు నాలుగు వేళ్ల ఎత్తున నిక్కి ఉంది. తోక అడుగు సమంగా ఉంది. చూసిన వాళ్లంతా గుర్రం భలే ఉందన్నారు. ఎల్లాజీ మీసం దువ్వుకున్నాడు.

మురళీమోహన్‌కి గుర్రమంటే భయం. ఎక్కిన దగ్గర్నుంచి సవారీ కుచ్చు వదల్లేదు. డప్పులు మోగుతున్నాయి, బావమరుదులు ఎగురుతున్నారు, ఎండ నెత్తికెక్కుతోంది. అతని వేళ్లు ఊరుకోలేక ప్లాస్టిక్ పూల కింద ఏదో తగిలితే విప్పడం మొదలుపెట్టాయి.

మొదటి జడ వీడింది. "ఆముదం అయిపోనాది బావా. నాలుగు రోజుల్నుంచి సెప్తన్నాను," అంది గౌరి గొంతు.

ముందున్న వాళ్లు పకపకా నవ్వారు. "ఆముదం తేరా బాబూ!" అని డప్పులవాడొకడు అరిచాడు. ఎల్లాజీ కూడా నవ్వేశాడు. కళ్లెం పట్టుకుని తల వంచుకున్నాడు. మురళీమోహన్‌కి భయం తగ్గి హుషారొచ్చింది. రెండోది కావాలనే విప్పాడు.

"నౌపడ ఎల్లి మా అమ్మని సూసి రావాలనున్నాది. నువ్వు తీసుకెళ్తావని అడగట్లేదు. ఊరికే సెప్తన్నాను."

ఈసారి నవ్వు కాస్త తగ్గింది. ఎల్లాజీ "సార్, వద్దండి, అది వదిలేయండి" అనేలోపే మూడోది కూడా విడిపోయింది. డప్పులవాళ్లు డప్పుల్ని మంట మీద కాచుకోవడానికి ఆగిన క్షణం అది.

"ఎడంపక్క రొమ్ములో గెడ్డ తగులుతన్నాది బావా. సెనగ్గింజంత ఉన్నాది. నొప్పి నేదు. నాకు బయంగా ఉన్నాది. నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లు."

ఎవరూ నవ్వలేదు. మురళీమోహన్ కుచ్చు వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. గుంపులోంచి అతని మేనత్త శైలజ పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ముందుకొచ్చింది. ఆవిడ నర్సు, పాతికేళ్లుగా అదే పని.

"ఎప్పటి మాటిది?" అని ఎల్లాజీని అడిగింది.

"శ్రావణంలో అల్లిందండి."

"శ్రావణమా? ఇది మాఘం. ఆర్నెల్లు నీ చేతి కిందే ఉంది, విప్పలేదా?"

ఎల్లాజీ ముత్యం చెవుల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఆవిడకి ఫోను కలుపు. ఇప్పుడే."

కలిపాడు. శైలజ ఫోను లాక్కోకముందు గౌరితో అతనన్నది ఒక్క మాటే. "గౌరీ, రేపు విశాఖపట్నం ఎల్దాం, ఆసుపత్రికి."

అవతలి నుంచి గౌరి గొంతు, పదేళ్లుగా అతను వినని గొంతు, చిన్నపిల్ల గొంతులా వచ్చింది. "ఇప్పావా బావా?"

"ఊఁ," అన్నాడు ఎల్లాజీ. "ఇప్పాను."

ఇంతకన్నా పెద్ద అబద్ధాలు ఆడినవాడే. కానీ ఇది నోట్లోంచి బయటికొస్తున్నప్పుడే తప్పని తెలిసింది అతనికి. తెలిసీ దిద్దుకోలేదు.

విశాఖపట్నంలో డాక్టరు అన్నీ చూసి, ఆర్నెల్ల కిందట వచ్చుంటే గడ్డ వరకు తీసి వదిలేసేవాళ్లం అన్నాడు. ఇప్పుడు రొమ్ము తీసేశారు. చంకలోకి కూడా పాకిందని మందులు ఎక్కించారు. ఆ రోజుల్లో గౌరి బాధపడినా మొహం మాత్రం తేటగా ఉండేది. పక్క మంచాల వాళ్లకి చెప్పుకునేది. "మా బావ ఇప్పాడు గాబట్టి బతికాను. సూడండి, ఎన్నాళ్లకైనా ఇప్పాడు." ఎల్లాజీ ఆ మాట వినబడకుండా టీ తెస్తానని కిందికి పోయేవాడు.

రెండో విడత మందులప్పుడు శైలజ చూడ్డానికి వచ్చింది. పళ్లు తెచ్చింది, గౌరి చెయ్యి పట్టుకుని కూర్చుంది. మంచి మనసు ఆవిడది, మంచి మాటే చెబుతున్నాననుకుంది. "మా మురళి చేతులు ఊరుకోక విప్పబట్టి గానీ, లేకపోతే ఏమయ్యేదమ్మా! ఊరేగింపంతా విన్నాం. ఇప్పటికీ వాడు తల్చుకుంటాడు."

గౌరి ఎల్లాజీ వైపు చూసింది. ఎల్లాజీ ఆపిల్ కోస్తున్నాడు. కోస్తూనే ఉన్నాడు. ఆ సాయంత్రమే గౌరి జుట్టు దిండు మీద కుచ్చులు కుచ్చులుగా ఊడి వచ్చింది. దాన్ని తనే చుట్టి, కాగితంలో పెట్టి, చెత్తబుట్టలో వేసింది.

బతికింది. డాక్టర్లు ఇక ఫరవాలేదన్నారు. బండెడు సామాను మోసినట్టు నడుస్తూ ఇల్లు చేరింది.

ఎల్లాజీ కత్తెరని మేకుకి తగిలించేశాడు. ఫొటోగ్రాఫర్లు అడిగినా ముత్యాన్ని ముట్టుకోలేదు. జూలు పెరిగి మెడ మీద వాలింది, తోక కిందికి దిగింది. గౌరి తలకి గుడ్డ చుట్టుకుని మళ్లీ తొట్టి దగ్గర కూర్చోవడం మొదలెట్టింది. నీలిమందు పెట్టింది, చిక్కు తీసింది, అల్లింది. ఎల్లాజీకి ప్రాణం లేచొచ్చింది. మర్నాడు కుళాయి రాకముందే లేచి, తండ్రిలాగే గట్టు మీద కూర్చుని, చేతులకి ఆముదం రాసుకుని విప్పాడు.

ఏమీ రాలేదు.

రెండో జడ విప్పాడు. మూడోది. పదకొండు జడలూ విప్పాడు. ఓసారి గాజుల చప్పుడు వచ్చింది, అదీ అల్లుతున్నప్పుడు చేతులు కదిలిన చప్పుడే. గౌరి నోరు మూసుకుని అల్లుతోంది. అందం కోసం అల్లుతోంది, అంతే. అలా రెండు నెలలు రోజూ విప్పాడు. తిట్టినా బాగుండుననుకున్నాడు. ఆముదం అయిపోయిందన్నా చాలుననుకున్నాడు.

చివరికి తనే అల్లాడు. గౌరి సంతకెళ్లిన పూట, సవారీ కుచ్చు మూడు పాయలు తీసి, మొరటు వేళ్లతో వంకరటింకరగా ఒక జడ అల్లాడు. అల్లుతూ చెప్పాల్సింది చెప్పాడు. ఏడుస్తూ చెప్పాడు గనక సగం ముక్కుతో వచ్చి ఉంటుంది. అది అలాగే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్న గౌరి ముత్యం పక్కన నిలబడి దువ్వుతోంది. చెయ్యి మెడ మొదటికి వచ్చి ఆగింది. ఆ వంకర జడని రెండు వేళ్లతో తడిమింది. గట్టు మీద కూర్చున్న ఎల్లాజీ ముందుకి వంగాడు.

"బావా, కత్తెర ఇలాగియ్యి," అంది.

"ఎందుకే?"

"ఎండలు ముదురుతన్నాయి. దీనికి ఉక్కపోస్తాది. అయినా కురచగా ఉంటేనే గదా నీకిష్టం."

ఎల్లాజీ లేచాడు. మేకు మీంచి కత్తెర తీశాడు, ఇచ్చాడు. ఎందుకిచ్చాడో అతనికే తెలీదు. గౌరి మెడ పైనుంచి మొదలెట్టి నాలుగు వేళ్ల ఎత్తున, ఎక్కడా మెట్టు పడకుండా, అతని కన్నా నేర్పుగా కోసుకుంటూ వచ్చింది. కుచ్చు దగ్గర ఆగింది.

"అది... అది పట్టుకోడానికి గదా," అన్నాడు ఎల్లాజీ. "ఉండనీ. ఓపాలి ఇప్పి సూడు."

గౌరి తిరిగి అతని మొహంలోకి చూసింది. ఆ మొహంలో కోపం కూడా లేదు. "ఎదురుగానే ఉన్నాను గదా. సెప్పాల్సిందేదైనా ఉంటే నోటితో సెప్పు బావా."

ఎల్లాజీ నోరు తెరిచాడు. నీళ్ల మోటారు చప్పుడు వినిపిస్తోంది. పక్కింట్లో ఎవరో పిల్లకి జడ వేస్తూ కదలొద్దని కసురుతున్నారు. గౌరి ఎదురుచూసింది. బిందె నిండి పొర్లేంతసేపు ఎదురుచూసింది. అతనికి ఒక్క మాట రాలేదు. పదేళ్లుగా వినని మనిషికి చెప్పడం మాత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది?

గౌరి కుచ్చు మొదలు పట్టుకుని కోసింది. జడ ఎల్లాజీ పాదాల మీద పడింది. వంగి తీసి, గబగబా ఒక్కొక్క పాయా విప్పాడు. ఆముదం వాసన వచ్చింది. అంతే.

"కుళాయి కట్టేసి రా," అంది గౌరి, తోక దగ్గరికి నడుస్తూ.