వామిలో దాచిన విత్తనం

మా అంజినక్క నోటికి ఊరంతా భయపడుతుంది, ఒక్క మా బావ తప్ప. భయపడి ఉంటే ఆయన అన్నేళ్లు సారాయి తాగేవాడే కాదు. అంజినక్క నాకు తోటికోడలు. బావ చిక్కన్న నా మొగుడికి అన్న. మా రెండిళ్ల మధ్య మొలెత్తు గోడ ఒక్కటే అడ్డం, అందుకని ఆ ఇంట్లో ఎవరు తుమ్మినా నాకు వినబడుతుంది.

కరువు బాగా ముదిరిన ఏడు, విత్తనానికని అక్క దాచిన వేరుశనగను బావ హొసకోట సంతలో అమ్మి తాగేశాడు. మా వైపు తాగుబోతును ఎలాగో భరిస్తారు గానీ విత్తనం తాగినవాడిని మాత్రం భరించరు. నాలుగు చినుకులు పడి అందరి చేలలో విత్తే గొర్రులు కదులుతుంటే, అక్క తన చేని గట్టు మీద కూర్చొని ఏడ్చింది. ఇంటికొచ్చి చీపురు తిరగేసి మొగుణ్ణి తరిమింది. ఆయన హొసకోట బస్టాండులో పడి, అడుక్కుంటూ, దొరికింది తాగుతూ ఏళ్లు గడిపాడు. సంతకు పోయినప్పుడల్లా మేము ఆ పక్క చూడకుండా నడిచేవాళ్లం.

అలాంటివాడు ఒక వేసవిలో సైకిలు వెనక కూర్చొని ఊళ్లోకి వచ్చాడు. సైకిలు తొక్కుతున్నది నారప్ప పాస్టరు, హొసకోటలో రేకుల షెడ్డులో ప్రార్థన పెట్టే మనిషి. జ్వరంతో స్పృహ లేకుండా పడి ఉన్న బావను ఆయనే మోసుకుపోయి, పుండ్లు మానేదాకా, చేతుల వణుకు తగ్గేదాకా షెడ్డులో ఉంచుకున్నాడట. పాస్టరు తల్లి సంజీవమ్మ తమ ఇంటి కంచంలోనే ముద్ద పెట్టి, తిన్నాక కడిగి తమ కంచాల మీదే బోర్లించమన్నదట.

“ఆ పొద్దు నేను ఏడ్చినానమ్మా. దేవుడంటే యాడో పైన ఉండాడనుకుంటి. ఆ కంచాల కాడనే ఉండాడు నా ఏసయ్య” అని బావ నాతో చెప్పాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అక్క మాత్రం కరగలేదు. “దేవుణ్ణి మారిస్తే బుద్ధి మారతాదా? వసారాలో పడుకో. గడప దాటితే కాళ్లు ఇరగ్గొడతా” అంది.

“సరేమే” అన్నాడు బావ.

అన్నట్టే వసారాలోనే పడుకున్నాడు. పేడ ఎత్తడం, ఎద్దులకు మేత వేయడం, నీళ్లు పెట్టడం ఆయన పని. ఆదివారం చొక్కా ఉతుక్కొని హొసకోటకు నడిచి వెళ్లేవాడు. తినే ముందు కళ్లు మూసుకుంటే, “ముద్ద ఆరిపోతాదని మీ ఏసయ్యకు చెప్పు” అని అక్క దెప్పేది. ఆయన కళ్లు తెరవకుండానే నవ్వేవాడు.

ఆ ఏడు అక్క కూలి చేసి విత్తనం కాయలు సంపాదించింది. ఇద్దరం కూర్చొని, విత్తనం చెడకూడదని నీళ్లు చల్లకుండా, బొటనవేళ్లు వాచేలా ఒలిచాం. గింజలు ఒక్క మూట అయ్యాయి. అది పోతే చేను బీడు పడాల్సిందే, మళ్లీ తెచ్చుకునే దారి లేదు. బావకు కనబడకూడదని దాన్ని పెరట్లో ఎద్దుల మేతకని కాయ కోసిన ఎండు చెట్లతో వేసిన వేరుశనగ కట్టె వామిలోకి లోతుగా దోపాం. “తాగుబోతు చెయ్యి కసువులో పెట్టడులే” అంది అక్క. ఎద్దులకు రోజూ ఆ వామిలోంచి మేత తీసేది ఎవరో మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. తెలివి అంటే మాదే!

ఒక మంగళవారం బావ ఎవరికీ చెప్పకుండా హొసకోట దారి పట్టాడు. అక్క పగలంతా వీధికీ ఇంటికీ తిరిగింది. “పోయినాడు చూడు. ఇంక రాడు. వచ్చినా మనిషిగా రాడు” అని తిట్టింది. దీపాల వేళకు ఆయన వచ్చాడు. అక్క ఎదురెళ్లి, సిగ్గు లేకుండా ఆయన మొహం దగ్గర మొహం పెట్టి వాసన చూసింది. సారాయి వాసన లేదు. బావ ఎద్దుల దగ్గరికి పోయాడు.

తర్వాత కొన్నాళ్లకు, మేమిద్దరం కూలికి పోయిన చోట మిట్టమధ్యాహ్నం మబ్బు కమ్మి వాన దిగింది. అందరూ సంబరపడుతుంటే అక్క “నా విత్తనం మే!” అని పరుగెత్తింది. నేనూ వెనకే పరుగెత్తాను. తడిస్తే గింజ మూటలోనే మొలకెత్తి కుళ్లిపోతుంది.

వెనక దారిన పెరట్లోకి వచ్చి చూస్తే వామి ఒక పక్క పీకి ఉంది. మూట లేదు. అక్క బురదలోనే కూలబడింది. “మళ్లీ తాగినాడు. నన్ను మళ్లీ తాగినాడు” అంది.

లేపి ఇంటి ముందుకు తీసుకొచ్చాను. వసారాలో, గోడవారగా మూట ఉంది. దాని మీద బావ కంబళి, కంబళి మీద ఆయన ఆదివారం చొక్కా. వీధి తలుపు దగ్గరగా వేసి ఉందే గానీ తాళం లేదు. ఆయన మాత్రం లోపలికి పోకుండా, చూరు నీళ్లు మూట మీద చిమ్మకుండా అడ్డంగా కూర్చొని తడుస్తున్నాడు.

అక్క మూట విప్పి లోపలికి మోచేతిదాకా చెయ్యి పెట్టింది. పొడిగా ఉన్నాయి.

“ఆడ ఉండాదని నీకెప్పుడు తెలిసింది?”

“ఆ మంగళవారం. మేత తీస్తా ఉంటే చేతికి తగిలింది.”

“అడగలేదేంది మరి?”

“ఎవురికి తెలీకుండా దాసినావో నాకు తెలీదా? ఏమని అడిగేది?” బావ తల వంచుకున్నాడు. “నీకు అబద్ధం చెప్పనుమే. అమ్ముకోవాలనిపించింది. నోరు ఊరింది. మూట ఆడనే ఇడిసిపెట్టి, ఒట్టి చేతుల్తో పాస్టరు కాడికి పోయినా. పొద్దు మునిగేదాకా ఆయన నా చెయ్యి ఇడవకుండా ప్రార్థన చేసినాడు.”

“మళ్లీ అనిపిస్తే?”

“అనిపిస్తాదేమో. అనిపిస్తే మళ్లీ ఆడికే పోతా.”

మారిపోయానని ఆయన ప్రమాణం చేసి ఉంటే అక్క చీపురు వెతికేది. ఇలాంటి మాట ఆయన నోట ఆమె ఎప్పుడూ వినలేదు. మూట మూతి మళ్లీ బిగించి కట్టింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకొని తలుపు తోసింది.

“ఎత్తు. లోపల పెట్టు.”

“నేనా?”

“నువ్వు కాకుంటే ఎవురు?” అంది అక్క. “రేపు గొర్రు కట్టాల. తెల్లారకముందే లెయ్యాల. తల తుడుచుకొని లోపలే పడుకో.”