కొంగ లేని కారు

కాల్చిన బీఫ్ నుంచి పళ్లెంలోకి దిగిన రసాన్ని లొరేన్ గ్రేవీ గిన్నెలోకి వంపుతుంటే ముందుగదిలోంచి మళ్లీ నవ్వులు వినిపించాయి.

"ఇంకోటి విను నాన్నా!" ఆమె భర్త క్లైవ్ ఫోనులో చూసి గట్టిగా చదువుతున్నాడు. "'జుట్టు ఆరబెట్టుకునే మిషనుకి నాలుగు చక్రాలు తగిలించి మార్‌వుడ్ అనేస్తే మేం నమ్మెయ్యాలా?' అబ్బ, ఎవడో గానీ భలే రాశాడు!"

మామగారు నార్మన్‌కి నవ్వీ నవ్వీ దగ్గు ముంచుకొచ్చింది. లొరేన్ గరిటె తిప్పడం ఆపలేదు. ఆపితే గ్రేవీ ఉండలు కడుతుంది. ఉండలు కడితే అత్తగారు ఐవీ ఒక్క మాట కూడా అనదు, ఫోర్కుతో ఒక్కో ఉండనూ పళ్లెం అంచుకి నెట్టి వరుసగా పెడుతుంది.

గురువారం మార్‌వుడ్ కంపెనీ తన కొత్త కారును లోకానికి చూపించింది. అప్పటినుంచి దేశమంతా అదే నవ్వు. రేడియోలో అదే, మాంసం కొట్టు దగ్గర వరసలో అదే. ఇక కవెంట్రీలో అయితే చెప్పక్కర్లేదు. ఈ ఊళ్లో ఇంటికొకరు మార్‌వుడ్ ఫ్యాక్టరీలో చేసినవాళ్లే. ఇంటి ఆడపిల్ల ఎవడితోనో లేచిపోయినంత రాద్ధాంతం చేస్తున్నారు. అన్నిటికంటే పెద్ద నేరం, బానెట్ మీద కంపెనీ గుర్తయిన వెండి కొంగ లేకపోవడం. వాళ్ల తాతల నాటి నుంచి మెడ ముందుకు చాచి ఎగురుతున్న కొంగ. దాన్నెవడు పీకేశాడు, వాడి చేతులు పడిపోనూ అని ఊరు ఊరంతా శాపనార్థాలు పెడుతోంది.

ఆ చేతులే ఇప్పుడు గ్రేవీ తిప్పుతున్నాయి.

ఈ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆమె పనిచేసే మార్‌వుడ్ డిజైన్ స్టూడియోలో పద్ధతి అలాంటిది. కారు బయటికొచ్చేదాకా లోపలి మాట భర్తకు కూడా చెప్పకూడదని సంతకం చేయించుకుంటారు. మూడేళ్లు లొరేన్ నోరు కుట్టుకుని కూర్చుంది. వెచ్చబెట్టిన గోధుమరంగు మట్టిని అసలు కారంత నమూనాగా మెత్తి, గీకి, నునుపు చేసి, చేతికి పల్చటి నూలు తొడుగు వేసుకుని కళ్లు మూసుకుని అరచేత్తో తడిమి చూసుకోవడం ఆమె పని. కంటికి కనబడని వంకర అరచేతికి తెలుస్తుంది. ఇంటికొచ్చేసరికి ఆలస్యమయ్యేది. "కంపెనీ మొత్తం నీ భుజాల మీదే నడుస్తోందా ఏంటి?" అనేవాడు క్లైవ్, ఖాళీ ఓవెన్ తలుపు తెరిచి చూపిస్తూ. ఆదివారాలు అత్తగారు గోళ్ల వంక చూసి, "పిండి కలిపే చేతులకి ఆ మట్టేంటమ్మా," అనేది. క్లైవ్ తన పాత కార్ల క్లబ్బులో అయితే అందరి ముందూ, "మా ఆవిడ మట్టి బొమ్మలు చేస్తుందండోయ్, దానికి జీతం కూడా ఇస్తారు!" అని నవ్వించేవాడు. ఆమె కూడా నవ్వేది. శాండ్‌విచ్‌ల పళ్లెం పట్టుకుని నిలబడ్డ మనిషి నవ్వక ఏం చేస్తుంది?

ఆ క్లబ్బు కోసమే గరాజులో ఒక పాత మార్‌వుడ్ ఉంది. అది క్లైవ్ ప్రాణం. నడిపేది అతను, బహుమతులు తెచ్చేదీ అతనే. దాని ముక్కు మీది కొంగను తోమేది మాత్రం లొరేన్. పెళ్లయిన కొత్తలో, "నీ వేళ్లు సన్నగా ఉంటాయి, నీవైతే ఆ సందుల్లోకి వెళ్తాయి," అని ముద్దుగా చేతికి గుడ్డ ఇచ్చాడు. ముద్దు ఎప్పుడు పోయిందో తెలియదు, గుడ్డ మాత్రం చేతిలో ఉండిపోయింది. ప్రతి శనివారం ఆ కొంగ కాళ్ల మధ్య, రెక్కల కింద, మెడ వంపులో నల్లబడిన మురికి.

స్టూడియోలో ఒకరోజు బానెట్ సరిచేయడానికి మట్టి కొంగను ఊడదీసి పక్కన పెట్టింది. అద్దం దగ్గర్నుంచి ముందుదాకా అరచేయి జార్చింది. చేయి ఎక్కడా ఆగలేదు. ఎంత హాయిగా అనిపించిందంటే, మళ్లీ దాన్ని అతికించబుద్ధి కాలేదు. సాయంత్రం పై అధికారి జూలియన్ వచ్చాడు. ఆమెకంటే బాగా చిన్నవాడు. బానెట్ చూసి వెళ్లిపోయాడు. మర్నాడు అతను గీసిన కారు బొమ్మల్లో కొంగ లేదు. ఆ వారంలోనే ఛైర్మన్‌కి, "నేను పక్షికి స్వేచ్ఛనిచ్చాను సర్," అని చెబుతుంటే లొరేన్ అక్కడే ఉంది. ఆవిష్కరణ రోజు పొద్దున కారు మీద కప్పే పట్టుగుడ్డ ముడతలు పడితే అందరూ ఆమె వైపే చూశారు. "లొరేన్, ప్లీజ్, నువ్వైతే చక్కగా చేస్తావు," అన్నాడు జూలియన్. ఇస్త్రీ చేసింది. పత్రికల్లో అతని ఫోటో పడింది.

అయినా సరే, ఇవాళ చెప్పేద్దామనుకుంది. గురువారంతో నోటి కట్టు వీడింది కదా. భోజనాల దగ్గర మామూలుగా అన్నట్టు, "ఆ కారు నేను చేసిందే," అనాలని, అందరి మొహాలూ చూడాలని ఎన్ని ఆదివారాలు కలగంది! అందుకే ఇవాళ బీఫ్‌లో మంచి ముక్క తెచ్చింది, చివర్లో తీపిగా తినడానికి చెర్రీల ట్రైఫిల్ చేసింది. తీరా చూస్తే ఇదీ వరస. ఒకవేళ వీళ్లే నిజమేమో? నునుపుగా ఉంటే అది అందమేనా? పదిమందికీ అది జుట్టు మిషనులా కనిపిస్తే, తన అరచేతికేం తెలుసు? తిప్పుతూనే ఉంది. గ్రేవీ ఎప్పుడో చిక్కబడింది, ఇక తిప్పనక్కర్లేదు, అయినా చేయి ఆగలేదు.

ఫోను మోగింది. జూలియన్.

"లొరేన్, ఆదివారం పూట ఇబ్బంది పెడుతున్నాను. రేపు టీవీవాళ్లు వస్తున్నారు. కెమెరా ముందు నువ్వు కూర్చోవాలి."

"నేనా? ఎందుకు?"

"గొడవ చూస్తున్నావుగా. ఒక ఆడమనిషి చెయ్యి ఉందని తెలిస్తే జనం కాస్త నోరు అదుపులో పెట్టుకుంటారు. 'మీ మనసు నొచ్చుకుంటే క్షమించండి' అని మెత్తగా ఒక మాట అనేస్తే సరి. ఆ కొంగ సంగతి కూడా నువ్వే చెప్పు. మొదట అది నీ ఆలోచనే కదా!"

ఆ ఒక్క మాట కోసం ఆమె ఎంత ఎదురుచూసింది! పూలగుత్తిలా అందుతుందనుకున్న మాట చెత్తబుట్టలా అందింది. ఒళ్లు మండిపోయింది. పొయ్యి కట్టేసింది.

"పేపర్లో మీ పేరే కదా వేసుకున్నారు?"

"అయ్యో, అలా కాదు... మనదంతా ఒక జట్టు కదా."

"వస్తాను జూలియన్. కానీ 'ఒక ఆడమనిషి' అని కాదు. లొరేన్ పిక్‌ఫర్డ్ అని పూర్తి పేరు వేయించండి. టీవీలోనే కాదు, కంపెనీ ఆ కారు గురించి ఎక్కడ మాట్లాడితే అక్కడ. రేపెప్పుడైనా జనం దాన్ని నెత్తిన పెట్టుకున్నా సరే, ఆ పేరే ఉండాలి."

"దేశమంతా నిన్నే తిడుతుంది. ఆలోచించుకో."

"తిట్టనివ్వండి. క్షమాపణ మాత్రం చెప్పను. నా పేరు వేస్తున్నట్టు ముందు మాటివ్వండి, లేదంటే పట్టుగుడ్డ ఇస్త్రీ కూడా మీరే చేసుకోండి."

"...సరే. నీ పేరే," అన్నాడు. ఆమె ఫోను పెట్టేసింది. భయం వేసింది, కాదనడానికి లేదు. రేపటినుంచి మాంసం కొట్టు దగ్గర వరసలో నిలబడాల్సింది తనే.

బల్ల దగ్గర నార్మన్ బీఫ్ కోసి అందరి పళ్లాల్లో వేస్తున్నాడు. ఎప్పుడూ అందరికీ వడ్డించి, గ్రేవీ అందించి, మర్చిపోయిన ఉప్పు తెచ్చి, చల్లారిపోయాక గానీ కూర్చోని లొరేన్ నేరుగా వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"గ్రేవీ ఏదీ?" అన్నాడు క్లైవ్.

"పొయ్యి మీదుంది."

అర్థంకానట్టు చూశాడు గానీ, మళ్లీ ఫోను అందుకున్నాడు. "ఇది చూడు నాన్నా, ఆరువందల మంది మెచ్చుకున్నారు. 'ఆ కొంగను పీకేసిన వెధవ జన్మలో ఒక్కసారైనా మార్‌వుడ్‌ని ముట్టుకుని ఉండడు.'"

"నూటికి నూరుపాళ్లూ నిజం," అన్నాడు నార్మన్ కత్తి ఆడిస్తూ. "ముట్టుకున్నవాడెవడూ ఆ పని చెయ్యడు."

"వాడు గానీ నా కంటబడాలి," అన్నాడు క్లైవ్.

లొరేన్ బంగాళాదుంపల గిన్నె దగ్గరికి లాక్కుని ముందుగా తన పళ్లెంలోనే వేసుకుంది.

"పెళ్లయిన దగ్గర్నుంచీ ప్రతి శనివారం దాని కాళ్ల సందుల్లో మురికి తీసింది నేనే క్లైవ్," అంది. "పీకేసిందీ నేనే."