దుప్పటి ముడత

అత్తగారి నడుము కిందకి అరచెయ్యి పోనిచ్చి చూస్తే దుప్పటి ముడత తగిలింది. పొద్దుటినుంచీ ఆవిడ మూలుగుతున్నది దీనికే. "మాత్ర వేశాంగా, ఇంకా ఏంటమ్మా?" అని కొడుకు విసుక్కోవడమే తప్ప, పక్కలో చెయ్యి పెట్టి చూసిన పాపాన పోలేదు.

ఆమె అరచేతులు రెండూ మళ్ళీ రుద్ది వెచ్చచేసుకుంది. ఆవిడని మెల్లగా ఒత్తిగిలించి, ముడత లాగి సరిచేసి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టి, తడిగుడ్డతో పెదాలు అద్దింది. మూలుగు ఆగింది. నర్సుగా ఇన్నేళ్ళూ వార్డులో ఆమె చేస్తున్నది ఇదే. జబ్బు తగ్గితే పేరు డాక్టరుది, నొప్పి తగ్గితే పేరు మందుది. ఇంట్లో అయితే పేరు సంగతి దేవుడెరుగు. పెళ్ళైన కొత్తలో ఇదే అత్తగారు, "ఊళ్ళోవాళ్ళ ఒళ్ళు తుడిచిన చేతులు, వాటితో వంటింట్లోకి రాకు" అన్నారు. మూడు పూటలా వండిపెట్టే మనిషి కావాల్సొచ్చాక ఆ చేతులే ముద్దొచ్చాయి.

తుంటి ఆపరేషనై ఆవిడ మంచాన పడ్డాక మొగుడు కొత్త పాట ఎత్తుకున్నాడు. "ఉద్యోగం మానెయ్. బయటివాళ్ళకి చేసేది మా అమ్మకి చెయ్యలేవా? అయినా అదేం పని, దిండ్లు సర్దడమేగా!" నిన్న ఆమెతో మాటమాత్రం అనకుండా హెడ్ సిస్టర్‌కి ఫోన్ చేసి, ఇక రాదని చెప్పేశాడు. ఇవాళ డ్యూటీకి వెళ్ళకపోతే అదే ఖాయమైపోతుంది. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. అరిస్తే మంచంమీద మనిషి ఉలిక్కిపడుతుందని పళ్ళబిగువున ఊరుకుంది.

యూనిఫాం వేసుకుని వచ్చేసరికి అతను గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"ఎక్కడికి?"

"డ్యూటీకి."

"మరి అమ్మ?"

"మీకు సెలవులున్నాయిగా. కాసేపటికోసారి పక్కకి తిప్పండి. దిండ్లు సర్దడమేగా."

"నాకు రాదు!"

"నాకూ పుట్టుకతో రాలేదు."

లోపల అత్తగారు కదిలారు. అతను విసురుగా వెళ్ళి తల్లి భుజం పట్టుకున్నాడు. "అబ్బా!" అన్నారావిడ. గుమ్మంలో ఆమె కాళ్ళు ఆగిపోయాయి. వెనక్కి పరిగెత్తాలనిపించింది. ఇప్పుడు పరిగెత్తితే మళ్ళీ ఈ గుమ్మం దాటనివ్వరని కూడా తెలుసు. 'కోడల్ని పిలు' అంటారేమో అత్తగారు. పిలిచినా వెళ్ళకూడదనుకుంది.

"చేతులు చల్లగా ఉన్నాయిరా," అంటున్నారు అత్తగారు. "అది రుద్దుకుని గానీ ముట్టుకోదు. చూశావుగా రోజూ."

లోపల్నుంచి అరచేతులు రుద్దుకుంటున్న చప్పుడు వినిపించింది. ఆమె చెప్పులు వేసుకుంది.