నల్లంచు కేంద్రకం

ఆ కాలేజీ జీవశాస్త్రం ల్యాబ్‌లో మైక్రోస్కోపులు పన్నెండు. పన్నెండన్నది రిజిస్టరులో మాట. పదింటికి కింద ఉండాల్సిన చిన్న అద్దాలు లేవు. వెలుతురును స్లైడు మీదికి తిప్పడానికి పెట్టిన ఆ అద్దాల్లో తరతరాల విద్యార్థులు మొహాలు చూసుకుని, మొటిమలు గిల్లుకుని, చివరికి జేబులో వేసుకుని చక్కా పోయారు. పదకొండోదానికి అద్దాన్ని తీగతో కట్టారు గానీ బొమ్మను స్పష్టం చేసే మర బిగుసుకుపోయి ఏ వైపుకీ తిరగదు. ఏడాది పొడుగునా పిల్లలంతా చూసేది దాంట్లోనే. పన్నెండోది మాత్రం శుభ్రంగా పనిచేస్తుంది. అందుకే దాన్ని గాజు బీరువాలో పెట్టి తాళం వేశారు. పరీక్ష రోజు తప్ప బయటికి తియ్యరు.

పదహారేళ్లుగా ఈ ల్యాబ్‌ను మోస్తున్నది స్లైడక్క. హోదాకి అటెండరు. ఎర్ర ఉల్లిపాయ మీది ఊదారంగు పొరను గోరంత ముక్కగా లాగడం, నీటి చుక్కలో పరచడం, పైన పల్చటి గాజు బిళ్ల వెయ్యడం ఆమె పని. ఆ బిళ్ల వెయ్యడంలోనే ఉంది అసలు విద్య. జానెడు ఎత్తు నుంచి బల్లపరుపుగా, టప్పున వదలాలి. అలా వదిలితే లోపల ఒక గుండ్రటి, దట్టమైన నల్లంచు ఉన్న చుక్క పడుతుంది. అదే కణంలోని కేంద్రకమని చెప్పి నేర్పినవాడు రికార్డు సారు.

సారు పాఠం చెప్పగా ఎవరూ వినలేదు గానీ, రికార్డులు దిద్దడంలో ఆయన్ను కొట్టినవాడు లేడు. మార్జిను వంకర పోయిందా, ఆ పిల్లాడి పని అయిపోయినట్టే. బొమ్మల కోసం అట్ట ఊడిన పాత రికార్డొకటి క్లాసులో చేతులు మారుతూ ఉంటుంది. ఎవరు గీశారో, ఎప్పుడు గీశారో ఆ దేవుడికే తెలియాలి. అందులో కణం మధ్యన నల్లంచు చుక్క ఉంది కాబట్టి అందరి కణాల్లోనూ నల్లంచు చుక్క ఉంటుంది. చుక్క లేనివాడికి సగం మార్కులు కోత.

ఈ ఏడాది స్లైడక్క కూతురు ఆ క్లాసులోకొచ్చింది. తంటా అక్కడ మొదలైంది. ఆ పిల్ల తన రికార్డులో కణం బొమ్మకు బదులు ఒక గుండ్రం గీసి, అందులో వంకరగా మూడు గీతలు పెట్టి, కింద "నా రెప్పవెంట్రుకలు" అని రాసింది. సారు ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేశాడు. పాత బొమ్మ దింపితే తప్ప సంతకం పెట్టనన్నాడు. సంతకం లేని రికార్డుకి సున్నా. సున్నా వస్తే ఏడాదంతా మళ్లీ చదవాల్సిందే.

పరీక్ష రోజు పొద్దున వంటింట్లో తల్లీకూతుళ్లకు పడింది.

"అందరూ గీసిందే గీస్తే నీ చెయ్యేమన్నా అరిగిపోతుందా తల్లీ?"

"నాకు వెంట్రుకలే కనపడ్డాయమ్మా. వాళ్లకీ అవే కనపడి ఉంటాయి. కాకపోతే కణం కనపడిందని చెప్పారు."

"నువ్వూ చెప్పు. నోరు నొప్పెడుతుందా?"

"ముందు నువ్వు ఆ టప్పు మానెయ్యి. బిళ్లని ఒక అంచు ఆనించి సూదితో మెల్లగా దించాలని పుస్తకంలో ఉంది. నువ్వు పెట్టేది కేంద్రకం కాదు, గాలి బుడగ."

స్లైడక్కకు ఒళ్లు మండింది. పదహారేళ్ల పనితనాన్ని నిన్న మొన్నటి పిల్ల బుడగంటుందా! చేతిలోని గరిటెను ఠంగుమని పడేసింది. గరిటె పడేసినా ఆ మాట మాత్రం లోపల గుచ్చుకుంటూనే ఉంది.

ల్యాబ్‌లో బీరువా తెరిచారు. స్లైడు సిద్ధం చేస్తుంటే రికార్డు సారు వెనకే నిలబడ్డాడు.

"ఏమ్మా, కేంద్రకం జాగ్రత్త. సరిగ్గా నడిమధ్యన పడాలి."

స్లైడక్క గాజు బిళ్ల పట్టుకుంది. ఏటవాలుగా దించాలని మనసు అన్నది. చెయ్యి వినలేదు. టప్.

పరీక్ష పెట్టడానికి బయటి కాలేజీ నుంచి వచ్చిన మేడం పొట్టిగా ఉంది, కళ్లజోడు తాడుకు వేలాడుతోంది. రికార్డులు తిరగేసింది. ముప్పై తొమ్మిదింట్లోనూ అదే కణం, అదే నల్లంచు చుక్క, కుడివైపు మూలన అదే మరక. పాత రికార్డు మీద ఎప్పుడో సిరా ఒలికితే, దాన్ని కూడా వాళ్లు భక్తిగా దింపారు. ఒకడైతే బాణం గుర్తు పెట్టి "ఇతర భాగాలు" అని పేరు కూడా రాశాడు. నలభయ్యో రికార్డు దగ్గర ఆగి, ఆ పిల్లను పిలిచింది.

"ఈ స్లైడుకి ఉప్పునీళ్లు పెట్టు. ఏమవుతుందో చూసి చెప్పు."

పిల్ల బిళ్లకి ఒకపక్క ఉప్పునీటి చుక్క వేసి, రెండోపక్క అద్దుడు కాగితం ఆనించింది. కాగితం నీటిని లాగుతుంటే ఉప్పునీరు బిళ్ల కిందకి పాకింది. మేడం కన్ను ఆనించి చూస్తూ చూస్తూ ఉలిక్కిపడింది.

"ఏవండీ మాస్టారూ, మీ కేంద్రకం కదిలి బయటికి వెళ్లిపోయింది!"

"ఉప్పు కాస్త ఎక్కువైందేమో మేడం," అని సారు నీళ్లు నమిలాడు.

పిల్ల ఆగలేకపోయింది. "బయట ఉప్పెక్కువైతే కణంలోని నీళ్లు పొర దాటి బయటికొస్తాయి మేడం. లోపలి రంగు ముద్దయి గోడల నుంచి విడిపోతుంది. ఆ బుడగ కణంలో ఎప్పుడూ లేదు, పైన గాలి ఆడుకుంటోంది అంతే."

ఉప్పునీరు మైక్రోస్కోపు మీదికి కారుతోందని స్లైడక్క గబగబా స్లైడు తీసి అడుగున తుడుస్తోంది. ఆ సంగతి సారు చూసుకోలేదు. మేడం పక్కకి జరిగి, "మీరూ ఒకసారి చూడండి," అంది. సారు వంగి, ఒక కన్ను గట్టిగా మూసి, మరను అటూ ఇటూ తిప్పి, తల ఊపాడు.

"ఆహా! కనపడుతోంది మేడం. స్పష్టంగా ఉంది. కేంద్రకం కూడా ఎక్కడికీ పోలేదు."

ల్యాబంతా గొల్లుమంది. స్లైడు చేతిలో పట్టుకుని స్లైడక్క బిక్కచచ్చిపోయింది. దాన్ని కొంగు చాటున దాచాలో, యథాస్థానంలో పెట్టాలో తోచలేదు.

"ఈ స్లైడు చేసిందెవరు?" అని మేడం అడిగింది.

సారు కళ్లతోనే బతిమాలాడు. స్లైడక్క స్లైడును ముందుకు చాపింది. "నేనే మేడం. ఆ గాలీ నేనే పెట్టా. పదహారేళ్లుగా పెడుతున్నా. మా అమ్మాయి పొద్దున్నే వద్దంది, నేనే వినలేదు."

"ఇందులో ఎప్పుడైనా చూశావా నువ్వు?"

"చూసే పని నాది కాదు మేడం, పెట్టే పనే నాది."

"స్లైడు పెట్టు. కూర్చో. చూడు."

స్లైడక్క చేతులు తుడుచుకుని స్టూలు మీద కూర్చుంది. వేల స్లైడులు చేసిన మనిషికి కన్ను ఎక్కడ ఆనించాలో తెలియలేదు. ఆనించింది.

"కనపడిందా?"

ఆ గదిలో ఆ ప్రశ్నకి ఒకటే జవాబు. ఇన్నేళ్లుగా ఆమె విన్న జవాబు అదొక్కటే. అది చెప్పేస్తే సారు సంతోషిస్తాడు, ఉద్యోగం నిలుస్తుంది, పరువు దక్కుతుంది. కూతురు పక్కనే నిలబడి చూస్తోంది.

"వెంట్రుకలు కనపడుతున్నాయి మేడం," అంది స్లైడక్క. "నా రెప్పవే అనుకుంటా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మేడం నలభయ్యో రికార్డు తెరిచి, ఎర్రసిరా కొట్టివేత పక్కనే "చూసిందే గీసింది" అని రాసి, సంతకం పెట్టి, మార్కులు వేసింది. ఆ పిల్ల ఏడాది గట్టెక్కింది. ఆ తర్వాత మేడం వంగి, స్లైడక్క చూస్తుండగానే మైక్రోస్కోపు మరను మెల్లగా తిప్పింది.

వెంట్రుకలు మాయమయ్యాయి. వరసగా, ఇటుకలు పేర్చినట్టు, గదులు. ఒక్కో గదిలో ఊదారంగు గోడలు వదిలి నడిమికి ముడుచుకుని ఉంది. కూతురు బిళ్ల పక్కన మంచినీటి చుక్క వేసింది. ఒక గది మెల్లగా నిండింది. పక్కది నిండింది. రోజూ తన వేళ్ల మధ్య నలిగిన ఉల్లిపొర ఇలా ఉంటుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. సంతోషమూ వచ్చింది, ఇన్నాళ్లూ చూడనందుకు కోపమూ వచ్చింది.

"లేమ్మా ఇక," అని రికార్డు సారు గొణిగాడు. "ఇంకా ముప్పై తొమ్మిది మంది ఉన్నారు."

స్లైడక్క కన్ను తియ్యలేదు.

"ఉండనీండి సార్. నేను పదహారేళ్లు ఆగాను, వాళ్లు పది నిమిషాలు ఆగలేరా?"